నాలుగు మడతలు

ఆగస్టు 4

ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచారు. సైన్స్ క్లబ్బు పిల్లలకు ఈ ఏడాది ఎలక్ట్రానిక్స్ కిట్లు ఎంచే పని నాదట. ఫిజిక్స్ మాస్టారిది కాదు, నాది.

ఇరవై రెండేళ్ళుగా ఈ స్కూలు ల్యాబులో బీకర్లు కడుగుతున్నాను, వైర్లు చుట్టలు చుట్టి పెడుతున్నాను, పగిలిన ప్రతి గాజు గొట్టానికీ సంజాయిషీ చెప్పుకుంటున్నాను. పిల్లలు నన్ను టీచర్ అంటారు. టీచర్లు మాత్రం "చూడమ్మా" అంటారు. ఈ రోజు మేడమ్ కుర్చీ చూపించి, "మీ చెయ్యి పడితే ఏదైనా పనిచేస్తుందని పిల్లలు అంటుంటారు. మీరే చూసి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ల్యాబుకు వచ్చి, తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. యాభై దాటిన మనిషిని, సిగ్గులేకపోతే సరి.

ఆగస్టు 7

నాలుగు కంపెనీల నమూనా డబ్బాలు వచ్చాయి. డబ్బా మీద బొమ్మలు చూసి ఎంచేదాన్ని కాదు నేను. చేతులకు తోటపని గ్లౌజులు తొడుక్కుని మొదలుపెట్టాను. పదేళ్ళ పిల్ల వేళ్ళు మన వేళ్ళలా మాట వినవు. గ్లౌజులతో నేను బిగించగలిగితే వాళ్ళూ బిగించగలరు. మాస్టారు తలుపులోంచి చూసి, "ఏంటమ్మా, మొక్కలు నాటుతున్నావా" అన్నారు. నేను గ్లౌజులు ఇంకా పైకి లాక్కున్నాను.

మొదటిదాంట్లో స్క్రూలు ఆవగింజలంత ఉన్నాయి. పక్కన పెట్టాను. రెండోదాంట్లో అన్నీ వాళ్ళే అతికించి పంపారు, పిల్లలకు మిగిలిన పని డబ్బా తెరవడమే. మూడోది డోర్‌బెల్, నాలుగుసార్లు మోగి ఊరుకుంది.

ఆగస్టు 8

నాలుగోది బండి. అరచేతి పొడవు, రెండు మోటార్లు, గుండీ అంత మైకు. చప్పట్లు కొడితే కదులుతుంది, మళ్ళీ కొడితే ఆగుతుంది. నిజానికి ఏ పెద్ద చప్పుడుకైనా కదులుతుంది. బడి గంటకు కదిలింది. మాస్టారి తుమ్ముకు కదిలింది. బొటనవేలంత లావు ఛార్జింగ్ సెల్ ఒకటి అడుగున అరలో గట్టిగా కూర్చుంటుంది. గ్లౌజులతో మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను. చివరిసారి నలభై నిమిషాలు పట్టింది. ఒక గంట ఆడించి, పైనా కిందా చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఇదే. ఇరవై నాలుగు కావాలని రాసి ఇచ్చాను. క్లబ్బులో పిల్లలు ఇరవై ఐదుమంది, కానీ కవలలిద్దరికీ కలిపి ఒకటి చాలన్నారు వాళ్ళమ్మ. విడివిడిగా ఇస్తే ఎవరిది ముందు కదిలిందో తేలక ఇంట్లో యుద్ధమట.

ఆగస్టు 28

కిట్లు వచ్చాయి. ఇరవై నాలుగూ లెక్క సరిపోయింది. డబ్బా అదే, బొమ్మ అదే, బోర్డు అదే.

ఒకటి బిగించి చప్పట్లు కొట్టాను. కదల్లేదు. సెల్ తీసి పెట్టాను. రెండడుగులు వెళ్ళి ఆగింది. అరలో సెల్ వదులుగా ఉంది, బండిని ఊపితే లొటలొట చప్పుడు. ఇంకొకటి విప్పాను. అదీ అంతే. అన్నీ అంతే.

వెనక్కి పంపితే నెల పడుతుంది. రేపు క్లబ్బు. మాస్టారికి చెబితే ఆయన పెదవి చివర ఆ నవ్వు చూడాలి. కూర్చుని ఆలోచించాను. సొరుగులో చాక్లెట్ ఉంది. దాని సిల్వర్ పేపర్ చింపి, నాలుగు మడతలు పెట్టి, సెల్ కొసకూ అర గోడకున్న రేకుకూ మధ్య దోపాను. చప్పట్లు కొట్టాను. గది ఈ మూల నుంచి ఆ మూలకు తుర్రుమని పోయింది. ఇరవై రెండేళ్ళ అనుభవమంటే ఇదీ.

ఆగస్టు 29

పిల్లలందరికీ మడత నేర్పాను. చాక్లెట్లు నేనే తెచ్చాను, తిని కాగితం దాచుకోమన్నాను. అంత శ్రద్ధగా వాళ్ళు చేసిన పని ఇంకోటి లేదు. ఇరవై నాలుగు బండ్లూ కదిలాయి.

నా మేనకోడలు కూడా క్లబ్బులో ఉంది. తమ్ముడి కూతురు. మేం ఒకే ఇంట్లో ఉంటాం, వాళ్ళు కింద, నేను పైన. దాన్ని ఇంట్లో అందరం ఎందుకమ్మ అంటాం. మాటలు వచ్చిన రోజు నుంచి అది అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. ఈ రోజు చెయ్యెత్తి లేచింది.

"టీచర్, సెల్ ఎందుకు వదులుగా ఉంది?"

"కొన్ని అలాగే వస్తాయి."

"మీరు చూపించిన మొదటి బండిలో గట్టిగా ఉంది కదా. ఇది ఎందుకు..."

"అన్నిటికీ ఎందుకూ అనకు. ముందు మడత సరిగ్గా పెట్టు."

అది కూర్చుంది. నాలుగు మడతలూ గోటితో నొక్కి నొక్కి పెట్టింది. అందరికంటే దానిదే బాగా వచ్చింది.

సెప్టెంబరు 5

తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. పొడవు బల్ల మీద బండ్లన్నీ వరసగా పెట్టాం. మేడమ్ మాట్లాడటం పూర్తి కాగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై నాలుగు బండ్లూ ఒకేసారి కదిలి, బల్ల అంచు దాటి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పడ్డాయి. అంత నవ్వు ఆ హాల్లో ఎప్పుడూ వినలేదు. నవ్వుతూ చప్పట్లు, చప్పట్లకు కింద పడ్డవి మళ్ళీ కదలడం.

తర్వాత మాస్టారు నా దగ్గరకొచ్చారు. "మడత చిట్కా మీదేనట కదా మేడమ్. ఒక కాగితం మీద అచ్చు వేయిద్దాం. సెలవులకు కిట్లు ఇళ్ళకు పంపేటప్పుడు ప్రతి డబ్బాలో ఒకటి పెడదాం. కింద మీ పేరు" అన్నారు.

"మేడమ్" అన్నారు. నన్ను.

సెప్టెంబరు 9

ఏడో నంబరు బండి వేడిగా ఉంది. కిటికీ పక్కన పెట్టారు. ఎండ.

సెప్టెంబరు 10

ఎండే.

సెప్టెంబరు 12

ఈ రోజు మబ్బు పట్టి ఉంది.

ఏడో నంబరు కింద ప్లాస్టిక్ ట్రే మీద గోధుమరంగు మచ్చ, రూపాయి బిళ్ళంత. మచ్చ నడుమ ట్రే పల్లం పడింది. గదిలో కాలిన దువ్వెన వాసన. బండి తిప్పి చూశాను. సిల్వర్ పేపర్ అరలో లేదు. బండి అదురుకు జారి, బోర్డు మీద అతుకుల మధ్య పడి ఉంది. పట్టకారుతో తీశాను. ఆ బండి కట్టినవాడు మడత సరిగ్గా పెట్టలేదు, అంతే.

ట్రే మీద పాత న్యూస్‌పేపర్ పరిచాను. ఎలాగూ పరచాల్సిందే, ట్రేలు పాడవుతున్నాయి.

సెప్టెంబరు 15

నిద్ర సరిగ్గా లేదు, నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టున్నాను, ఉదయం దవడ నొప్పి. ఏడో నంబరు ఒక్కటే అనుకున్నాను. కానీ జారి పడే కాగితం అన్నిట్లోనూ ఉంది.

బీరువా పై అరలోంచి నమూనా బండి దించాను. దాని సెల్ తీసి, కొత్త సెల్ పక్కన పెట్టి స్కేలు పెట్టాను. నమూనాది నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. బ్లేడుతో దాని తొడుగు కోశాను. సెల్ అడుగున పావలా అంత పచ్చటి పలక ఉంది. ఎక్కడైనా అడ్డదారిన కరెంటు పారితే సెల్‌ను ఆపేసే పలక. కొత్త సెల్ తొడుగు కూడా కోశాను. అడుగున ఏమీ లేదు, ఉత్త రేకు.

ఆ నాలుగు మిల్లీమీటర్లే ఆ పలక.

వదులుగా ఉన్నదెందుకో ఎందుకమ్మ అడిగింది. నేను దాని నోరు మూయించాను, సెల్ అర నోరు సిల్వర్ పేపర్‌తో మూశాను. ఇది రాసి నాలుగుసార్లు చదువుకున్నాను. మరీ అంత కాదు, కొంచెం పెద్దది చేసి రాస్తున్నాను. ఇరవై నాలుగు బండ్లలో ఒక్కటే కదా వేడెక్కింది.

సెప్టెంబరు 16

కంపెనీకి ఫోన్ చేశాను. ఒకతను చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అదే మోడల్ అండి, సెల్ మాత్రం కొత్త బ్యాచ్."

"నమూనాలో ఉన్న పలక ఇందులో లేదు."

"బండి నడుస్తోంది కదండి?"

నడుస్తోందని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను? ఎలా నడుస్తోందో చెబితే, నేనేం చేశానో చెప్పాలి.

సెప్టెంబరు 18

మధ్యాహ్నం మేడమ్ గది దాకా వెళ్ళాను. రెండు సెల్లూ పర్సులో ఉన్నాయి, చెప్పాల్సిన మాటలు మెట్ల మీదే కూడబలుక్కున్నాను. లోపల మాస్టారు ఉన్నారు. బల్ల మీద అచ్చయిన కాగితాలు, ఇంకా ప్రెస్సు వాసన పోలేదు. నాలుగు మడతలకూ నాలుగు బొమ్మలు. కింద నా పేరు, పక్కన "సైన్స్ క్లబ్బు మార్గదర్శి" అని.

"చూశారా, ఎంత బాగా వచ్చిందో" అన్నారు మేడమ్.

"బాగుందండి" అన్నాను. ఒక కాగితం తీసుకుని ల్యాబుకు వచ్చేశాను. ఇంట్లో గోడకు అంటించుకోవాలని కూడా అనిపించింది. మనిషి ఇంత నీచంగా ఉండగలదని తెలియదు నాకు.

సెప్టెంబరు 20

ఈ రోజు సెలవులిచ్చారు. కిట్లు ఇళ్ళకు పంపించాం. ఒక్కొక్క డబ్బాలో ఒక్కొక్క కాగితం నా చేతులతోనే పెట్టాను.

చెప్పలేదు.

సెప్టెంబరు 21

దారి దొరికింది. ఇళ్ళకు వెళ్తాను. ఒక స్క్రూ వదులుగా ఉంటోంది, బిగించాలి అంటాను. బండి తిప్పి సిల్వర్ పేపర్ తీసేస్తాను. కాగితం లేకపోతే బండి కదలదు, కదలకపోతే జారి పడేదీ లేదు, కాలేదీ లేదు. సెల్లే తెచ్చేసుకోవచ్చు. కానీ సెల్ తీసుకుంటే పెద్దవాళ్ళు ఎందుకని అడుగుతారు.

ఈ రోజు తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. ప్రతి ఇంట్లోనూ కాఫీ. "సెలవుల్లో కూడా ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది టీచర్" అంది ఒకావిడ. నా మొహం నాకే చూడాలనిపించలేదు.

సెప్టెంబరు 23

కవలల ఇంటికి వెళ్ళాను. బండి అలమారలో వాళ్ళమ్మ ఫోన్ పక్కనే పెట్టి ఉంది, స్విచ్ వేసే ఉంది. ఆపమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరు వింటారు? మేం మాట్లాడుతుండగానే ఫోన్ మోగింది. ఆ మోతకు బండి కదిలి, అలమార గోడకు ఢీకొని, చక్రాలు తిరుగుతూనే ఉండిపోయింది. కవలలు పడీ పడీ నవ్వారు. "ఎవరు ఫోన్ చేసినా ఇదే నాట్యం టీచర్. రేపు ఊరికి దీన్ని కూడా తీసుకెళ్తున్నాం. ఫోన్ దగ్గరే పెడతాం" అంది ఒకతె. రెండో ఆమె, "నా వంతు వచ్చినప్పుడు నేనూ అక్కడే పెడతా" అంది.

స్క్రూ పేరు చెప్పి కాగితం తీసేశాను. బండి ఆగిపోయింది. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. "స్కూలు తెరిచాక సరిచేద్దాం, అప్పటిదాకా సెల్‌కు విశ్రాంతి" అన్నాను. వాళ్ళమ్మ మాత్రం నవ్వింది, ఇప్పుడు దారంతా ప్రశాంతంగా ఉంటుందని.

సెప్టెంబరు 24

ఇరవై నాలుగూ అయిపోయాయి. చివర మేనకోడలిది. అది నా చేతివంకే చూస్తూ కూర్చుంది, నోరు మెదపలేదు. ఇదివరకైతే ఎందుకని పదిసార్లు అడిగేది.

ఇక భయం లేదు. స్కూలు తెరిచాక కొత్త సెల్లు అడుగుతాను. ఎవరికీ ఏమీ తెలియనవసరం లేదు. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

సెప్టెంబరు 25

సాయంత్రం కింద నుంచి చప్పట్లు వినిపించాయి. తర్వాత గరగరమని చప్పుడు.

మిక్సీ అయి ఉంటుంది.

సెప్టెంబరు 26

ఉదయం పదింటికి మరదలు అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. కిందకి పరుగెత్తాను. నేల మీద బండి పొగలు కక్కుతోంది, ప్లాస్టిక్ కరిగి నేలకు అతుక్కుంది. ఎందుకమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవట్లేదు. కుడి చెయ్యి ముందుకు చాచి, ఎవరిదో చెయ్యిని చూస్తున్నట్టు చూస్తోంది. పొగ వస్తుంటే సెల్ లాగేయాలని పట్టుకుందట.

ఆసుపత్రిలో కట్టు కట్టారు. అరచెయ్యి, మూడు వేళ్ళు. అందులో రెండు వేళ్ళు మునుపటిలా వంగుతాయో లేదో నెల పోయాక గానీ చెప్పలేనన్నాడు డాక్టరు.

నన్ను చూసి అదే ముందు మాట్లాడింది.

"తప్పు నాదేనత్తా. నువ్వు కాగితం తీసేసి వెళ్ళాక కదల్లేదు. డబ్బాలో పెట్టిన అచ్చు కాగితంలో ఉన్నట్టే మళ్ళీ నాలుగు మడతలు పెట్టాను. జారిపోతోందని ఎనిమిది పెట్టాను. నాలుగే పెట్టాల్సింది."

తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వెందుకక్కా అలా అయిపోతావు? దానికి ప్రతిదాంట్లో అతి." మరదలు పిల్లను తిట్టింది, తిడుతూ ఏడ్చింది. మాస్టారు ఫోన్ చేశారు. "నాలుగని బొమ్మ వేసి మరీ చెప్పాం కదా మేడమ్. ఎనిమిది పెడితే మనమేం చేస్తాం" అన్నారు.

అందరూ కలిసి నాకు తలుపు తెరిచి పట్టుకున్నారు. నేను వెళ్ళిపోవడమే తరువాయి. రోజంతా నోరు విప్పలేదు.

సెప్టెంబరు 27

పొద్దున దాని మంచం దగ్గర కూర్చున్నాను. ఇల్లంతా మందు వాసన. ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఏదో తినాలని చూస్తోంది. సగం ఒలికిపోతోంది.

"అత్తా, నేను ఇంక క్లబ్బుకు రాను. ఏదీ విప్పను. ఏమీ అడగను కూడా."

"అడుగు" అన్నాను.

"ఏం అడగను?"

"ఆ రోజు అడిగిందే. సెల్ ఎందుకు వదులుగా ఉంది?"

అది అడగలేదు. నా మొహంలోకి చూస్తూ ఉంది. అడగకపోయినా చెప్పాను. పలక సంగతి చెప్పాను, నాలుగు మిల్లీమీటర్లు చెప్పాను, ట్రే మీద మచ్చ చెప్పాను, స్క్రూ అబద్ధమని చెప్పాను. ఎనిమిది కాదు, నాలుగు పెట్టినా ఇదే అయ్యేదని చెప్పాను. నీ తప్పు రవ్వంత కూడా లేదని చెప్పాను. గుమ్మంలో తమ్ముడు నిలబడి అంతా విన్నాడు. నేను తలెత్తేసరికి అక్కడ లేడు.

ఎందుకమ్మ చెంచా కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"అయితే అత్తా, అందరూ మళ్ళీ మడతలు పెట్టుకుని ఉంటారు కదా?"

నాకు తట్టలేదు. నిన్నటి నుంచీ నా సంగతి, దీని చేతి సంగతి తప్ప ఇంకేమీ తట్టలేదు. కాగితం తీసేశాను గానీ ఎందుకో చెప్పలేదు. బండి కదలకపోతే ఏం చెయ్యాలో బొమ్మలతో సహా అచ్చు వేసి, నా పేరుతో, ప్రతి ఇంట్లోనూ పెట్టి వచ్చాను.

అక్కడి నుంచే మేడమ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. చివర, "ముందు ఇళ్ళకు చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆ గొంతులో నాకు కుర్చీ లేదు. ఉండకూడదు కూడా.

వరసగా ఫోన్లు చేశాను. సెల్ తీసి ఇసుకలోనో, మట్టికుండీలోనో పెట్టమన్నాను, వట్టి చేత్తో ముట్టుకోవద్దన్నాను, వేడిగా ఉంటే అసలు దగ్గరికే వెళ్ళొద్దన్నాను. ఇరవై రెండు ఇళ్ళు. పంతొమ్మిది ఇళ్ళలో పిల్లలు మళ్ళీ మడత పెట్టుకున్నారు. ఒక పిల్ల బండిని దిండు కింద పెట్టుకుని పడుకుంటోందట. ఒక పిల్లవాడి తండ్రి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. పూర్తిగా విన్నాను. ఆయన తిట్టడం అయ్యాక, సెల్ తీశారా అని మళ్ళీ అడిగాను.

అదే రోజు, మధ్యాహ్నం రెండు

కవలల వాళ్ళు మిగిలారు. ఊరికి వెళ్ళారు కదా. వాళ్ళమ్మ నంబరు ఒక్కటే ఉంది నా దగ్గర. నాన్న నంబరు స్కూలు రిజిస్టరులో ఉందేమో చూడమంటే మేడమ్ చూశారు, అక్కడా ఇదే ఉంది. వాళ్ళు వెళ్ళింది ఏ ఊరో పక్కింటివాళ్ళకు తెలియదు.

ఆరుసార్లు చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. భోజనాల వేళ, వంటింట్లో ఉండి ఉంటారు. లేదా ఎండపూట అందరూ నడుం వాల్చి ఉంటారు. ఎందుకమ్మ మంచం మీంచి నన్నే చూస్తోంది.

ఏడోసారి నొక్కబోతుంటే, "అత్తా, ఆగు" అంది.

"ఏం?"

"వాళ్ళ బండి ఎప్పుడూ ఫోన్ పక్కనే ఉంటుందని నువ్వే చెప్పావు కదా."

వేలు అలాగే ఆగిపోయింది. ఇప్పటికి ఆరుసార్లు మోగించాను. వాళ్ళు మడత పెట్టుకుని ఉంటే, ఆరుసార్లూ అక్కడ బండి కదిలే ఉంటుంది, అదిరే ఉంటుంది. చెయ్యకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు. చేస్తే మోగుతుంది.

మెసేజ్ పంపాను. రెండున్నర అయింది, చూసినట్టు లేదు.

ఎందుకమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెయ్యి నా మోకాలి మీద వేసింది. నేను ఏడోసారి చేశాను. మోగుతోంది.